మీ ముక్కుకు పాస్‌పోర్టు ఉందా?

మా గుంటూరు వైపు రోగాలకూ అంతస్తులున్నాయి. షుగరు పెద్దమనిషి రోగం. నలుగురిలో కూర్చుని "నాకు మూడొందలుంది" అని ఒకాయన అంటే, "నాకు మూడొందల యాభై" అని పక్కాయన అక్కడికక్కడే వియ్యమందుకుంటాడు. బీపీ ఉందంటే బాధ్యతలున్న మనిషని లెక్క. స్టెంటు వేయించుకున్నవాడు ఆసుపత్రి బిల్లుతో సహా అప్పజెబుతాడు, మనం గౌరవంగా వింటాం. ఈ పంక్తిలో విస్తరి వేయించుకునే అర్హత లేని రోగం ఒక్కటే ఉంది. "నాకు పల్లీలు పడవండీ" అని చూడండి. అప్పటిదాకా మీ జీతమెంత, మీ పిల్లాడు ఎక్కడ చదువుతున్నాడని ఆప్యాయంగా ఆరా తీస్తున్నవాళ్లు ఒక్కసారిగా పోలీసులైపోతారు.

"ఎప్పట్నించి?"

"చిన్నప్పట్నించీనండి."

"మరి మీ నాయన తినేవాడుగా?"

నాయన తిన్నది కొడుక్కి పడకపోవడం మా వైపు వంశద్రోహం. నాయన పొలం కొడుక్కొస్తుంది, నాయన అప్పు కొడుక్కొస్తుంది, నాయన అరుగుదల మాత్రం రాకపోతే ఎట్టా? పైగా ఇది ఇంగ్లీషు పేరున్న జబ్బు. హైదరాబాదులోనో అమెరికాలోనో నాలుగేళ్లుండి వచ్చినవాళ్లు సూట్‌కేసులో తెచ్చుకుంటారని ఊళ్లో గట్టి నమ్మకం.

"ఒక్క ముక్క తింటే ఏమవుద్దిరా అబ్బాయ్?" కృష్ణానదికి దక్షిణాన ఈ వాక్యానికి ఎదురులేదు. బాబాయ్ అంటాడు, అత్తయ్య అంటుంది, పెళ్లికొడుకు మేనమామ అంటాడు, చివరికి బకెట్టు పట్టుకున్న వడ్డన కుర్రాడు కూడా అంటాడు. వీళ్లలో ఒక్కరికీ మీమీద కోపం లేదు. అదే చిక్కు. కోపమైతే తప్పుకోవచ్చు, ప్రేమ నుంచి ఎక్కడికి పారిపోతాం? మీరు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. ఆ చేతి మీదుగానే వడ్డన జరిగిపోతుంది.

వంటాయన దగ్గరికెళ్లి ముందే కనుక్కోవచ్చుగా అంటారేమో. కనుక్కున్నవాళ్లను చూశాను. గాడిపొయ్యి పక్కన గుత్తి వంకాయ గుండిగలో కుతకుతలాడుతోంది.

"అన్నా, ఇందులో పల్లీలేశారా?"

"లేదండీ. పల్లీల్లేవు."

"మరింత చిక్కగా ఉంది?"

"అది పల్లీ పొడండీ. నువ్వులూ ఎండుకొబ్బరీ కలిపి వేయించి నూరిచ్చాం."

ఆయన అబద్ధమాడలేదు. గింజగా కనపడితేనే పల్లీ, పొడి అయ్యాక దానికి మోక్షమే. ఆ వంకాయలో ముంచిన గరిటె పప్పులోకి వెళ్లింది, పప్పులోంచి పులుసులోకి, పులుసులోంచి పెరుగన్నంలోకి. మన పెళ్లిళ్లలో పూర్తి సమానత్వం సాధించింది గరిటె ఒక్కటే.

నిజంగా పడని ఒంట్లో ఆ పొడి చేసే పని నిమిషాల్లో తెలుస్తుంది. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదాలు వాస్తాయి, గొంతు బిగుస్తుంది, బీపీ పడిపోయి మనిషి కూలిపోతాడు. అందరికీ ఇంత దూరం రాదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. వచ్చినప్పుడు చేయాల్సింది తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. దొరకని మందేం కాదు, జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. పాముకాటు మందు ఎక్కించేటప్పుడు పక్కన సిద్ధంగా పెట్టుకోవాల్సిందీ అదే. మిరప చేలల్లో పాములకు కరువు లేదు కాబట్టి పీహెచ్‌సీ సొరుగులో అది ఉండి తీరాలి. కానీ పెళ్లి పందిట్లో పడిపోయినవాడికి ముందు వచ్చేది నిమ్మకాయ సోడా. "గ్యాసు పైకి తన్నింది" అని ఒకరు తేలుస్తారు. రెండోది ఆర్‌ఎంపీ. ఆయన ఒక ఎవిల్, ఒక డెక్సా కలిపి తుంటికి పొడుస్తాడు. దద్దుర్లకూ దురదకూ ఎవిల్ బాగానే పనిచేస్తుంది. మూసుకుపోతున్న గొంతు తెరవడం దాని చేతకాదు. మూడోది దిష్టి. ఊపిరాడని మనిషి చుట్టూ ఎండు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే తగలనట్టు. ఏది తేలినా ఆ పొగ పీల్చాల్సింది మాత్రం ఊపిరాడనివాడే.

ఇలాంటివాళ్లు ఇంటికొకరున్నారని నేననడం లేదు. ఇంగ్లండు, అమెరికాల్లో కనిపించినంతగా పల్లీ అలర్జీ మన దగ్గర కనిపించదు. పసితనంలోనే పల్లీ రుచి చూపిస్తే మంచిదని తేల్చిన పరిశోధన కూడా లండన్‌లోనే జరిగింది. 2015లో ఫలితాలొచ్చాయి. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసిపిల్లలకు 4 నుంచి 11 నెలల వయసులో మొదలుపెట్టి పల్లీ తినిపిస్తే, 5 ఏళ్లొచ్చేసరికి వాళ్లలో పల్లీ అలర్జీ 80 శాతం దాకా తగ్గింది. ఈ ముక్క చెవిన పడగానే బాబాయ్ తొడగొట్టాడు: "నే చెప్పలా? తినాలోయ్!" బాబాయ్, వాళ్లు ఆ బిడ్డలకు ముందు చర్మ పరీక్ష చేశారు, డాక్టర్ల కళ్లముందు కొంచెం కొంచెంగా రుచి చూపించారు. నలభై ఏళ్లవాడి విస్తట్లో గరిటెడు కుమ్మరించి "ఏం కాదులే" అనలేదు.

ఇక తుమ్ముల సంగతికొద్దాం.

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరులో గాలి రంగు మారుతుంది. ఆసియాలోకెల్లా పెద్దదని మనం రొమ్ము విరుచుకుని చెప్పుకునే మిర్చి యార్డుకు, సీజన్‌లో రోజుకు లక్ష టిక్కీలు, అంటే బస్తాలు, దాటి వస్తాయి. తేజ, 334, 341, బాడిగ రకాలు. గేటు కనపడకముందే ముక్కు దారి చెబుతుంది. కొత్తవాడికి నాలుగడుగుల్లో తుమ్ము, పదడుగుల్లో దగ్గు. మచ్చు చేతిలో నలిపి రేటు చెప్పే మనిషి మాత్రం చలించడు. "అలవాటైపోయిందండీ" అంటాడు గర్వంగా. సాయంత్రం ఇంటికెళ్లి ఇన్‌హేలర్ పీలుస్తాడు. అది గర్వంగా చెప్పడు.

గిడ్డంగుల పక్క షెడ్లలో తొడిమలు తీసే ఆడవాళ్లకు ఇన్‌హేలరూ లేదు. నేల మీద పరదా పట్టా, దాని మీద మనిషెత్తు మిరప గుట్ట, చుట్టూ పదిమంది. కొంగు ముక్కు మీదుగా తిప్పి చెవి వెనక దోపుకుంటారు. బొటనవేలి గోటితో తొడిమ విరవడం, కాయ ఇటు, తొడిమ అటు. మధ్యాహ్నానికి గోళ్ల సందుల్లో మంట రాజుకుంటుంది. నీళ్లతో కడిగితే పోదు. మిరపలో ఉన్న కాప్సైసిన్ నీళ్లకు లొంగదు, నూనెకు లొంగుతుంది. అందుకే పని దిగాక కొబ్బరినూనో, మజ్జిగో. కంట్లో నలక పడితే తన చేత్తో తీసుకోలేదు, పక్కామె వచ్చి ఊదాలి. ఇంటికెళ్లాక చంటిబిడ్డను ఎత్తుకోవాలంటే అరచేతులు తగలకుండా మోచేతుల మీదకు తీసుకుంటుంది.

"ఇది అలర్జీ కాదమ్మా" అంటాడు డాక్టరు. ఆయన చెప్పింది నిజం. అలర్జీ కొందరికే ఉంటుంది, మిరప మంట అందరికీ ఉంటుంది. కాప్సైసిన్ మన నరాల మీద ఏ తలుపు తడితే మంట పుడుతుందో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మంట ఎందుకు పుడుతుందో చెప్పినందుకు నోబెల్, ఆ మంటలో పొద్దస్తమానం కూర్చున్నందుకు దినసరి కూలి. సరే, మంట అలర్జీ కాదు. మిరప ధూళి, దానికంటిన బూజు, చేను మీద కొట్టిన పురుగుమందు కలిసి నెలల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే పిల్లికూతల్లో మంట వాటా ఎంత, అలర్జీ వాటా ఎంత అని ఎవరు విడదీస్తారు? ఎవరూ విడదీయరు. విడదీసేదాకా అది ఎవరి బాధ్యతా కాదు. అందుకే ఎవరూ విడదీయరు.

ఇంకో సంగతి. పక్షులకు మిరప మంట తెలియదు. ఆ తలుపు వాటిలోనూ ఉంది, కాప్సైసిన్ తడితే మాత్రం తెరుచుకోదు. చిలక పచ్చిమిరపకాయను జామపండంత హాయిగా తినేది అందుకే. చిలకల పేరు పెట్టుకున్న పేట మనకు కూతవేటు దూరంలోనే ఉంది కాబట్టి, షెడ్డులో గాలి లాగేసే ఫ్యాన్లు కావాలని, మాస్కులివ్వాలని అడిగినప్పుడల్లా ఏమీ తెలియనట్టు తల పక్కకు తిప్పే పెద్దలు ఏ జాతివాళ్లో ఊహించుకోవడం కష్టం కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మాస్కు లేనివాడికి జరిమానా వేసిన రాజ్యం ఇది. రోగం తనకూ అంటుతుందన్నప్పుడు మాస్కు చట్టమైంది. కూలీ ముక్కుకే పరిమితమైనప్పుడు కొంగు చాలు.

ఇప్పుడిదే మిరపకాయ ఓడ ఎక్కే రోజు చూడండి, దాని భోగం తెలుస్తుంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ 1 అనే రంగు ఫ్రాన్సులో దొరికింది. బట్టలకూ పాలిష్‌లకూ వేసే రంగు అది. యూరప్ అంతా గగ్గోలు. 2005 ఫిబ్రవరిలో అదే రంగు కలిసిన కారం ఒక సాస్‌లోకి, ఆ సాస్ వందల రకాల తినుబండారాల్లోకి వెళ్లిందని తేలి బ్రిటన్ దుకాణాల్లో అరలు ఖాళీ చేయించారు. దాంతో మనకు జ్ఞానోదయమైంది. సుగంధ ద్రవ్యాల బోర్డు గుంటూరులో నాణ్యతా పరీక్షల ల్యాబు పెట్టింది. యడ్లపాడు మండలంలో స్పైసెస్ పార్కు వచ్చింది. అది వెలసిన ఊరి పేరు వంకాయలపాడు. ఒళ్లు దురద పెడితే మన అమ్మమ్మలు మొట్టమొదట నిషేధించే కూర పేరున్న ఊళ్లో విదేశీయుల ఆరోగ్యానికి కోట కట్టాం. ఇంతకంటే చక్కని శంకుస్థాపన స్థలం దొరకదు.

కళ్లంలో తడి తగిలిన కాయకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ వాడు సరుకు వెనక్కి తిప్పుతాడు. మన చట్టం మనకు 30 దాకా అనుమతించింది. మూడు రెట్లు గట్టివాళ్లం కదా. వెనక్కొచ్చిన సరుకు ఏమవుతుందని అడిగితే, పద్ధతి ప్రకారం నాశనం చేస్తామని చెప్పేవాళ్లున్నారు. నేను వాళ్లను నమ్మాలనే నిశ్చయించుకున్నాను. నిశ్చయించుకుని, కారం ఇంట్లోనే దంచించుకుంటున్నాను.

లెక్క ఇంతే. పరాయి దేశం ముక్కు చీదితే ల్యాబు, మన ముక్కు చీదితే చీర కొంగు.

పత్తి సంగతి ఇంకా ముచ్చటైనది. అది తెల్లగా ఉంటుంది, ఘాటుండదు, కాబట్టి నిర్దోషి. చిలకలూరిపేట, గణపవరం మీదుగా వెళ్లండి, జిన్నింగులు, స్పిన్నింగు మిల్లులు వరసగా కనిపిస్తాయి. లోపల గాలిలో సన్నటి పింజ తేలుతూ ఉంటుంది, కనుబొమల మీద, ముక్కు వెంట్రుకల మీద పేరుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ ధూళి పీల్చినవాళ్లకు వచ్చే జబ్బుకు బిసినోసిస్ అని పేరు. దాని లక్షణం విచిత్రం. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ పట్టేస్తుంది, ఆయాసం వస్తుంది. పడమటి దేశాల మిల్లు కార్మికులు దీన్ని సోమవారం జ్వరమన్నారు. మన దగ్గరా సోమవారమే వస్తుంది. మేస్త్రి మాత్రం వేరే పేరు పెట్టాడు: "ఏరా, నిన్న ఎక్కువైందా?" ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడికి తెలుగు సరిగా రాదు కాబట్టి వాదన అంతటితో అయిపోతుంది.

చట్టంలో ఈ జబ్బు లేదనుకునేరు. నిక్షేపంలా ఉంది. ఫ్యాక్టరీల చట్టం దీన్ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో ఎక్కించింది. పరీక్ష చేసిన డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాసి పంపాలంది. పనివల్ల వచ్చిన జబ్బుగా నష్టపరిహార చట్టంలోనూ దీనికి చోటిచ్చారు. మరి మన కూలీ చీటీ మీద ఏం రాసి ఉంటుంది? "డస్ట్ అలర్జీ." ఎంత సుఖమైన మాటో చూడండి. బిసినోసిస్ అంటే తప్పు మిల్లుది. డస్ట్ అలర్జీ అంటే తప్పు ఒంటిది. పెళ్లి పంక్తిలో ప్రాణం మీదికొచ్చినా ఎవరూ ఒప్పుకోని అలర్జీని మిల్లు గేటు దగ్గర మాత్రం అడక్కుండానే పంచిపెడతారు.

"దుమ్ముకు దూరంగా ఉండమ్మా" అని డాక్టరు సలహా.

"అట్టాగేనండీ. అన్నానిక్కూడా దూరంగా ఉండమంటారా?"

ఒంగోలు వైపు పొగాకు పొలాల్లోనూ ఇదే కథ, కాస్త రుచి మార్పుతో. మంచుకు తడిసిన పచ్చాకు కోసి చంకన పెట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి దిగుతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. జన్మలో చుట్ట ముట్టని మనిషికి చుట్టల కట్ట తాగినంత మత్తు. ఇంట్లో దానికి పెట్టిన పేరు పైత్యం, మందు అల్లం రసం.

గట్ల మీద వయ్యారిభామ ఉండనే ఉంది. తెల్ల పూలతో ఎంత అందగత్తో. 1950లలో పుణె దగ్గర మొదట కళ్లబడి దేశమంతా పాకిన ఈ కలుపును కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. ప్రభుత్వాలు ఎన్నో మారాయి, గడ్డి మారలేదు. చేలో దిగిన మనిషికి కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో చర్మం ఏనుగు తోలయ్యేదాకా దురద. "తిన్నది వికటించింది, వంకాయ మానెయ్" అంటారు. గట్టు మీద గడ్డి పీకమనేవాడు ఒక్కడూ లేడు, ఎందుకంటే గట్టు పంచాయతీది, వంకాయ మీది.

ఇంట్లోకొస్తే ఇంకా హాయి. సిగరెట్టు తాగే అల్లుణ్ణి అరుగు మీదికి తరిమి, చంటిపిల్ల ఉయ్యాల కింద దోమల కాయిల్ వెలిగించే అత్తగార్లు మనకు ఊరి నిండా ఉన్నారు. 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఒక కాయిల్ కాలితే వచ్చే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నంత. అల్లుడు పాపం రోజుకు ఐదే తాగుతాడు. ఇక జుట్టు రంగు. ఆ నల్లరంగు వెనకున్న పీపీడీ అనే రసాయనం కొందరి చర్మానికి బద్ధశత్రువు. అందుకే 48 గంటల ముందు చర్మం మీద చిన్న చుక్క రాసి చూసుకోమని డబ్బా మీద ఉంటుంది. నలభై ఎనిమిది గంటల ముందు మనకు పెళ్లి ఉన్న సంగతే గుర్తుండదు. ముహూర్తానికి రెండు గంటల ముందు రాసుకుని, వాచిన రెప్పల సందుల్లోంచి తలంబ్రాలు చూసే మేనమామలకు "నిద్ర లేదండీ" అనే సాకు సిద్ధంగా ఉంటుంది.

వీళ్లందరికీ లేని అలర్జీ ఎవరికుందో తెలుసా? ప్యాకేజీ కొన్నవాళ్లకు. నగరాల్లో ఇప్పుడు ఒక్క రక్తపు చుక్కతో వంద రకాల తిండికి పరీక్ష చేస్తామంటూ బోర్డులు. అందులో చాలావరకు ఐజీజీ పరీక్షలు. తిన్న పదార్థానికి ఒంట్లో ఐజీజీ పుట్టడం మామూలు సంగతని, దాన్ని పట్టుకుని అలర్జీ తేల్చడం తగదని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే చెప్పింది. అంటే మీరు రోజూ తినే పదార్థమే ఆ కాగితం మీద ఎర్రగా కనిపించే అవకాశం ఎక్కువ. వేలు పోసిన మనిషి అటుకులు, పెసరపప్పు, గోంగూర, ఆవుపాలు అన్నీ మానేసి బాదం పాలు తాగుతూ ఫొటోలు దిగుతాడు. కూలీకి నిజంగా పడనిది పరీక్షించే దిక్కులేదు, ఈయనకు పడ్డదంతా పడదని రాసిచ్చారు. డబ్బున్నవాడికి అన్నిటికీ అలర్జీ, లేనివాడికి దేనికీ లేదు.

మధ్యలో మృగశిర కార్తె వస్తుంది. హైదరాబాదు నాంపల్లిలో ఉబ్బసానికి చేప మందు. 1845 నుంచి ఇస్తున్నామని బత్తిని వంశం వారు చెబుతారు. పసుపురంగు మందు ముద్ద కుక్కిన కొర్రమీను పిల్లను ప్రాణంతో గొంతులోకి జారుస్తారు. మన పల్లెల నుంచీ బస్సెక్కి వెళ్లేవాళ్లున్నారు. మందు అన్నారు కదా, పరీక్షించండని కోర్టులకెక్కినవాళ్లున్నారు. ఆ గొడవల్లో అది చేప ప్రసాదమైంది. మందైతే రుజువడుగుతారు, ప్రసాదమైతే కళ్లకద్దుకుంటారు. ప్రాణమున్న చేపను మింగితే ఆయాసం తగ్గుతుందని మనస్ఫూర్తిగా నమ్మగలిగిన జాతి, పక్కవాడు పల్లీ తింటే ఆయాసం వస్తుందంటే నమ్మలేకపోతోంది.

చివరగా మన పచ్చళ్ల వ్యాపారులతో ఒక మాట. యూరప్‌లో 2014 డిసెంబరు నుంచి 14 రకాల అలర్జీ పదార్థాల సంగతి కొనేవాడికి చెప్పి తీరాలి, హోటలువాడైనా సరే. ఆ 14లో ఆవాలున్నాయి, నువ్వులున్నాయి. మన ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల్లో గోధుమ జాతి ధాన్యాలు, రొయ్యలు పీతలు, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు బాదం జీడిపప్పు, సోయా, సల్ఫైట్లు ఉన్నాయి. ఆవాలు లేవు, నువ్వులు లేవు. ఆవపిండి, నువ్వులనూనె లేకుండా ఆవకాయ పెట్టే ఇల్లు ఈ నేలమీద ఒకటి చూపించండి! పదార్థాల వరసలో చీమ తలంత అక్షరాల్లో వాటి పేర్లుంటాయి, నిజమే. అదీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు. తెలుగు మామిడికాయ, తెలుగు కారం, తెలుగు జాడీ, తెలుగు నాలుక. హెచ్చరికకు మాత్రం తెలుగు అక్కర్లేదు.

అయ్యా, లండన్ వెళ్లే సీసా మీద ఆవాలు, నువ్వులు అని దళసరి అక్షరాల్లో అచ్చేస్తున్నారు. అదే మామిడికాయ, అదే జాడీ, అదే యంత్రం. గుంటూరు లక్ష్మీపురంలోనో కొరిటెపాడులోనో అమ్మే సీసాకు కూడా ఒక్క వరస తెలుగులో అచ్చేయండి: "ఇందులో ఆవాలు, నువ్వులనూనె ఉన్నాయి. పడనివాళ్లు తినవద్దు." చట్టం అడిగేదాకా ఆగక్కర్లేదు. సిరా ఖర్చు మీకు భారమైతే సీసాకు ఒక రూపాయి పెంచండి, గుంటూరువాడు ఆవకాయ దగ్గర బేరమాడడు.